ఎనుము కడుపు లోతు

మా ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు ఏరు ఎక్కడుందని అడిగితే, "మీరు నిలబడింది అందులోనే" అని చెప్పేవాళ్లం. పట్టుచీరల ఊరు మాది. పటంలో చూస్తే ఊరిని ఆనుకుని నీలం గీత ఒకటి వంకరటింకరగా పోతుంటుంది. ఆ గీతను నమ్మి మోసపోయినవాళ్లలో మా బావ ఒకడు. ఆయనది కదిరి అవతల మెట్టపల్లె. ఏటి ఒడ్డు పిల్లను, అంటే మా అక్కను, చేసుకుంటున్నానని ఊరంతా చాటుకుని వచ్చాడు. పెళ్లయిన మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని ఏటి స్నానానికి బయల్దేరాడు. తల నిండా ఇసకతో తిరిగొచ్చాడు. ఇలా జరిగిందని నేను చెబుతుంటాను. బావ ఒప్పుకోడు. తువ్వాలు సంగతి నిజమేనట, తలలో ఇసక నేను కలిపిందట.

నేను ఈత నేర్చుకున్నది ఆ ఇసకలోనే. బోర్లా పడుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తే ఎంతో కొంత ముందుకు పోయేవాళ్లం. ఆ ఈతకు అలవాటు పడినవాడు నీళ్లలో దిగితే మునుగుతాడు. మా ఏటి చేపలదీ అదే కత. ఒక ఏడు పైన వానలు గట్టిగా పడి ఏరు నిజంగానే వచ్చింది. చేపలు బెదిరిపోయి గట్టెక్కి వేపచెట్టు నీడన కూర్చున్నాయి. నీళ్లు ఇంకిపోయాక మళ్లీ ఇసకలోకి దిగి ఊపిరి పీల్చుకున్నాయి. నేను పనిచేసే చీరల కొట్లో ఈ సంగతి చెబితే, లేచి పోబోతున్న బేరం కూడా మళ్లీ చాప మీద కూర్చునేది.

మా ఏట్లో వాన నీళ్లు లేకపోయినా ఒక పక్కన సన్నగా మురుగు మాత్రం పారేది. అందులో అద్దకం నీళ్లు కలిసేవి. పట్టుకు రంగు వేసిన తర్వాత కడిగి పారబోసే నీళ్లు అవి. ఊళ్లో ఏ రంగు చీరకు గిరాకీ ఉందో తెలుసుకోవడానికి మేం కొట్టుకు పోనక్కర్లేదు, కాలువ చూస్తే చాలు. ఒక వారం వంకాయ రంగు, ఒక వారం చిలకపచ్చ. పెళ్లిళ్ల కాలంలో ఎర్రగా పారేది. అందులో నిలబడ్డ కొంగ ఒకటి మోకాళ్ల దాకా నెమలికంఠం రంగుకు తిరిగి, ఆ పైన తెల్లగా, అచ్చం అంచు చీర కట్టుకున్నట్టు మా ఇంటి మీదుగా ఎగిరిపోవడం నాకు గుర్తుంది. అయితే ఆ కంపు మాత్రం కత కాదు. వాసన కిటికీలో నుంచి వస్తే అన్నం పళ్లెం పట్టుకుని వంటింట్లోకి పోయేవాళ్లం.

తర్వాత మా వీధికి ఎగువన మురుగు శుద్ధి చేసే కేంద్రం కట్టారు. ఊళ్లోని కాలువలన్నీ అక్కడికి మళ్లించారు. అద్దకంవాళ్లు కూడా తమ నీళ్లను ముందు తాము కడిగి ఆ తర్వాతే వదలాలన్నారు. కేంద్రం నుంచి ఒక లావు గొట్టం ఏట్లోకి దించి, దాని పక్కన 'శుద్ధి చేసిన నీరు' అని బోర్డు పెట్టారు.

మా బావ ఆ బోర్డు చదివి వచ్చి ఇంట్లో అడిగాడు.

"శుద్ధి చేసిన నీళ్లంట. ఏ అయ్యవారు చేసినాడో?"

"మిషన్ చేసినాది బావా" అన్నాను.

"మిషన్‌కు మంత్రాలు ఎవరు నేర్పించినారప్పా?"

అప్పటి నుంచి మా వీధిలో వాటికి మిషన్ నీళ్లు అని పేరు పడిపోయింది. మొదటి రోజు గొట్టంలో నుంచి నీళ్లు దూకినప్పుడు వీధిలోని ఆడవాళ్లందరూ పోయి పసుపూ కుంకుమా వేసి దండం పెట్టుకున్నారు. కొత్త నీళ్లు ఎక్కడ కనబడినా దండం పెట్టడం మా వాళ్లకు అలవాటు. బావ గట్టు మీద నిలబడి, "మనం నిన్న పోసుకున్న నీళ్లకు మనమే ఈ పొద్దు మొక్కుతాండాం" అన్నాడు. అక్క వెనక్కి తిరిగి చూసింది. బావ గట్టు దిగి ఇంటికి పోయాడు.

ఆ నీళ్లు వాసన వేయలేదు. రంగు మారలేదు. పేరు మిషన్‌దే అయినా ఏట్లో పడగానే నీళ్లలాగే నడిచాయి. గొట్టం నుంచి కొంత దూరం ఇసకలో పారి, రెండు నల్లబండల మధ్య ఇరుకులో మడుగు కట్టి, మడుగు నిండాక అంచు దాటి కిందికి పోయేవి. మా వీధి బోర్లలో తుప్పు తప్ప ఏమీ రానివి రెండు మూడు మళ్లీ నీళ్లు పోశాయి. ఎక్కడి నుంచి వచ్చాయో గానీ కప్పలు వచ్చాయి. రాత్రిళ్లు వాటి గోల వినలేక మొదట్లో మా వీధివాళ్లకు నిద్ర పట్టలేదు, వాటి భాష మాకు కొత్త. నిజం చేపలు కూడా వచ్చాయి, వేలెడంతవి. నేను చూసి వచ్చి చెబితే ఎవరూ నమ్మలేదు. వేపచెట్టు కింద కూర్చునుండాయా అని అడిగారు.

ఈ నీళ్ల వల్ల అందరికంటే బాగుపడింది మా అక్క. బావ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నేసి నేసి, మోకాళ్లు పట్టేసి మగ్గం మానుకున్నాడు. అప్పటి నుంచి అక్క ఎనుముల మీద సంసారం లాక్కొస్తోంది. బర్రెను మేం ఎనుము అంటాం. రెండు ఎనుములు ఆమెకు. ఒకటి మామూలుది. రెండోది ఏనుగుల జాబితాలో నుంచి పొరపాటున ఇటు వచ్చిందని నా అనుమానం. ఎండాకాలం వచ్చిందంటే అక్క వాటికి గడ్డి కోసం మండలాలు తిరిగేది, కొత్తచెరువు దాకా పోయి మోపులు తెచ్చేది. దొరకనప్పుడు వాటి ముందు కూర్చుని సమాధానం చెప్పుకునేది. మడుగు కట్టాక ఆ అంచు దాటిన నీళ్ల పక్కనే ఇసకలో ఒండ్రు పడిన చోట గడ్డి నాటింది. కోసిన చోట కోసినట్టే మళ్లీ లేచింది ఆ గడ్డి. ఎనుములు మధ్యాహ్నం మడుగులో పడుకునేవి, సాయంత్రం గడ్డి మేసేవి, పొద్దున పాలిచ్చేవి. బస్టాండు టీ కొట్లలో సగం అక్క పాలే. ఆ ఏడు మొదటిసారి అక్క ఎండాకాలంలో నవ్వడం చూశాను.

అలాంటి సమయంలో ట్యాంకర్ల కబురు వచ్చింది.

మాకు దక్షిణం వైపు కొండల అవతల సోలార్ ప్లేట్లు పరిచిన మైదానం ఒకటి ఉంది. మా దుమ్ము సంగతి తెలిసిందే, అద్దం కనబడితే వదిలిపెట్టదు. ఆ ప్లేట్లను వారం వారం కడగాలి. కడగడానికి నీళ్లు కావాలి. మిషన్ నీళ్లు ఊరికే ఏట్లో పోతున్నాయి కదా, వాటిని ట్యాంకర్లలో కొండ దాటిద్దామని ఒకాయన బయల్దేరాడు. ఆయన మా ఊరివాడే, మాకు తెలిసినవాడే, మంచివాడు కూడా. పెళ్లిళ్లకు నీళ్లు తోలి తోలి పెద్దవాడయ్యాడు. నీళ్లన్నీ ఆయన తీసుకుంటే మడుగు ఎండుతుంది. మడుగు ఎండితే గడ్డి ఎండుతుంది. గడ్డి ఎండితే ఎనుములను సంతకు తోలడం తప్ప అక్కకు ఇంకో దారి లేదు. అక్క పాలు పిండుతూ మధ్యలో ఆగి, పెద్ద ఎనుము మెడ మీద చెయ్యి వేసి కూర్చుండిపోవడం నేను చూశాను.

కొద్ది రోజులకు ఇంజనీరమ్మ ఒకామె ఏటికి వచ్చింది. కోస్తా వైపు ఆమె, వయసు చిన్నది. ప్యాంటు మడిచి, చెప్పులు చేతబట్టి, మడుగు చుట్టూ తిరుగుతూ కొలతలు తీస్తోంది. అక్క కొడవలి చేత పట్టుకునే ఎదురుపోయింది. నేను వెంట పోయాను. ట్యాంకరాయన అప్పటికే అక్కడ ఉన్నాడు.

"నీళ్లన్నీ ట్యాంకర్లకు ఇవ్వడానికి లేదండి" అంది ఇంజనీరమ్మ, అక్క అడక్కముందే. "ఏటికి కొంత వదిలి తీరాలి. దాన్ని కనీస ప్రవాహం అంటాం. అదెంతో తేల్చడానికే వచ్చాను."

"కనీసం అంటే ఎంతమ్మా?" అడిగింది అక్క.

"ఏరు బతికి ఉండడానికి ఎంత కావాలో అంత."

"ఈ ఏరు ఎప్పుడు బతికిందని? నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి సచ్చే ఉండాది. ఇప్పుడిప్పుడే కండ్లు తెరుస్తాండాది."

"అయితే మళ్లీ మూసుకోకుండా చూద్దాం. మీకు ఎంత నీళ్లుంటే సరిపోతుంది?"

అక్క ఆలోచించలేదు. "ఎనుము కడుపు తడవాల" అంది.

ఇంజనీరమ్మ నా వైపు చూసింది. నేను వివరం చెప్పాను. మా పక్క నీటి లోతును ఎనుము మీదే చెబుతాం. గిట్ట నీళ్లు అంటే చెప్పులు తీయకుండా దాటొచ్చు. మోకాటి నీళ్లంటే ఎనుము వంగి తాగి వచ్చేస్తుంది. కడుపు నీళ్లంటే ఇక అది ఇంటికి రాదు, అక్కడే పడుకుంటుంది, చుట్టుపక్కల బోర్లకు ఊట కూడా దిగుతుంది. ఆ పైది కొమ్ముల నీళ్లు. కొమ్ముల నీళ్లు వచ్చాయని ఎవరైనా అరిస్తే ఎనుమును వదిలేసి మనం గట్టెక్కాలి. మా నాయన ఏ ఊరి చెరువు గురించి చెప్పినా, ఆడ ఎనుముకు ఎంతుండాయి అని మా అవ్వ అడిగేది. నాయన సమాధానం చెప్పేవాడు. ఇద్దరికీ లెక్క తెలిసేది.

ఇంజనీరమ్మకు ఈ మాట నచ్చింది. "మా తాతగారి ఊళ్లో కాలువలో గేదెలకు ముక్కు మాత్రమే కనపడేది" అంది.

"గేదంట" అని అక్క నా చెవిలో అని నవ్వింది.

"నా దగ్గర లెక్కలున్నాయి" అంది ఇంజనీరమ్మ. "కానీ ఆ లెక్కలు ఆఫీసులో నాకు తెలుస్తాయి, ఇక్కడ మీకు తెలియవు. బండ మీద ఒక గీత గీసేస్తే అందరికీ కనపడుతుంది. నీళ్లు గీత దిగాయంటే ఎవరైనా నాకు ఫోన్ చేయొచ్చు. ఆ గీత ఎనుము కడుపు దగ్గరే గీద్దాం."

ట్యాంకరాయన ముందుకొచ్చాడు. "ఎవరి ఎనుము మేడమ్?"

"ఈమెదే, ఇక్కడే ఉందిగా."

"అది ఎనుము కాదు మేడమ్, కొండ. దాని కడుపు తడవాలంటే తుంగభద్రను మళ్లించాల. ఇంక నా ట్యాంకర్లకు ఏం మిగుల్తాది? కొలత అన్నప్పుడు కొలతకు తగిన ఎనుము ఉండాల. నేను తెస్తా."

"తెచ్చుకోప్పా" అంది అక్క. "ఎంత పొట్టిది దొరికితే అంత పొట్టిది తెచ్చుకో. మేకను తెచ్చి ఎనుమంటే మాత్రం ఒప్పుకునేది ల్యా."

"రెండూ తీసుకురండి" అంది ఇంజనీరమ్మ. "రెండింటినీ దింపి చూద్దాం. వచ్చే వారం."

ఆ వారం అక్క చేసిన పని చూస్తే మీకు మా వాళ్ల గురించి తెలిసిపోతుంది. ఎనుము పెద్దదైతే నీళ్లు ఎక్కువ వదులుతారు, ఇది అందరికీ అర్థమైన సంగతి. కాబట్టి ఎనుమును ఇంకా పెద్దది చేయాలి. శనగచెక్క నానబెట్టి పెట్టింది. గడ్డి మోపుల కొద్దీ వేసింది. తవుడు, గంజి, మా ఇంట్లో మిగిలిన సంగటి, అన్నీ దాని తొట్టిలోకే పోయాయి. పైగా అది చూడిది, ఆరో నెల.

బావ మంచం మీద నుంచి చూస్తూ, "నాకు ఇట్ల ఒక్క వారం పెట్టింటే మోకాళ్లు బాగయ్యేవి" అన్నాడు.

"నిన్ను ఏట్లో దింపి కొలిచేది లేదు కదా" అంది అక్క.

నేను కూడా చేతనైన సాయం చేశాను. బస్టాండులో టీ తాగుతున్నప్పుడు ట్యాంకరాయన కనబడితే, మా అక్క ఇప్పుడు స్టూలు వేసుకుని పాలు పిండుతోందని చెప్పాను. పొద్దున ఎనుము నీడ మా ఇంటి మీద పడితే మాకు తెల్లవారడం ఆలస్యమవుతోందని కూడా చెప్పాను. ఆయన బెదిరి కొలత మానుకుంటాడని నా ఆశ. ఆయన టీ సగం వదిలేసి లేచాడు. దేశంలోకెల్లా చిన్న ఎనుమును పట్టాలనుకున్నాడు. కదిరి అవతల వాళ్ల అత్తగారి పల్లెకు పోయాడు. అక్కడ కొట్టంలో ముడుచుకుని పడుకున్న ఎనుము ఒకటి కనబడిందట. బుట్టలో పట్టేటట్టు ఉంది, ఇదే చాలు, అనుకున్నాడట. లేపి చూడలేదు. అదే ఆయన చేసిన పొరపాటు. అక్క పొరపాటు ఏమిటో అప్పటికి మాలో ఎవరికీ తెలియదు.

కొలత రోజు పొద్దున్నే వీధి అంతా ఏటి గట్టున చేరింది. అక్క పెద్ద ఎనుమును తోమి, కొమ్ములకు నూనె రాసి, మెడకు గంటలపట్టెడ కట్టి తోలుకొచ్చింది. అది నడుస్తుంటే పట్టెడ మోగింది, ఇసక అణిగింది. గట్టు మీద ఉన్నవాళ్లు దారి ఇచ్చారు. అక్క ఎవరి వైపూ చూడకుండా, అందరూ తనను చూస్తున్నారని తెలిసినట్టు నడిచింది.

ట్యాంకరాయన ఎనుము లగేజీ ఆటోలో వచ్చింది. తలుపు తీశారు. ముందు కాళ్లు దిగాయి. కాసేపు కాళ్లే దిగాయి. ఆ తర్వాత ఎముకలు దిగాయి. చివర్న తోక దిగింది. మొత్తం దిగి నిలబడ్డాక చూస్తే అది ఆ ఆటో కంటే ఎత్తుగా ఉంది. పొట్ట ఉండాల్సిన చోట గాలి ఉంది. కడుపు వెన్నుకు అంటుకుని పోయి, ఇటు నిలబడితే అటువైపు మనుషులు కనబడుతున్నారు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

"ఇది యాడ దొరికిందప్పా?" అని బావ అడిగాడు.

"మా అత్తగారిది."

"మీ అత్త దీనికి తిండి పెట్టేది మరిచిపోయినట్టుండాది."

"ఆ పక్కంతా ఇంతేలే అన్నా, నీకు తెల్దా? మీ ఊరి పక్కే కదా" అన్నాడు ట్యాంకరాయన. బావ తల ఊపాడు. ఆయనకు తెలుసు.

రెండు ఎనుములనూ మడుగులో పక్కపక్కన నిలబెట్టారు. అప్పటికి గొట్టం దాదాపుగా మూసి, మడుగును అడుగంటేలా చేసి ఉంచారు. ఇంజనీరమ్మ శుద్ధి కేంద్రానికి ఫోన్ చేసి, వాల్వు కొద్దికొద్దిగా తిప్పమని చెప్పింది. నీళ్లు వచ్చాయి. గిట్టలు మునిగాయి. ఇంకొంచెం వచ్చాయి. అందరూ వంగి పెద్ద ఎనుము కింద చూస్తున్నారు, ఆ కడుపు అందుకోవడానికి నీళ్లకు ఎంత సేపు పడుతుందోనని.

ఎంతో సేపు పట్టలేదు. వారమంతా మేసిన శనగచెక్క, గడ్డి, సంగటి, లోపల పెరుగుతున్న దూడ, అన్నీ కలిసి అక్క ఎనుము కడుపును ఇసక దగ్గరికి దించేశాయి. నీళ్లు ఇంకా మోకాలు చేరకముందే కడుపు తడిసింది.

ట్యాంకరాయన నీళ్లలోకి దిగి చేతితో తడిమి చూశాడు. "తడిసింది మేడమ్. ఆపమని చెప్పండి. గీత గీసేద్దాం."

అక్క వంగి చూసింది. ఇంకోసారి వంగి చూసింది. ఆ మట్టంలో నీళ్లు మడుగు అంచును దాటవు. మడుగు కింద ఉన్న గడ్డికి చుక్క పోదు. ఆమె ఎనుము వైపు చూసిన చూపు, సొంత కూతురు పెళ్లిచూపుల్లో నోరు జారితే తల్లి చూసే చూపు.

"కడుపు లోపలికి పీల్చవే" అంది మెల్లగా. ఎనుము పీల్చలేదు. చల్లగా ఉందని నీళ్లలో కూలబడింది.

"రెండోది కూడా చూడాలిగా" అంది ఇంజనీరమ్మ. ఫోన్‌లో "వాల్వు ఇంకొంచెం తిప్పండి" అని చెప్పింది.

నీళ్లు మళ్లీ పెరిగాయి. బక్క ఎనుము మోకాళ్లు మునిగాయి. కడుపు పొడిగానే ఉంది. ఇంకా పెరిగాయి. కడుపు పొడిగానే ఉంది. నేను మోకాళ్ల మీద కూర్చుని చూశాను, నీటికీ కడుపుకూ మధ్య కాకి ఎగిరి పోవచ్చు. నీళ్లు మడుగు అంచు దాటి గడ్డిలోకి మళ్లాయి. ఇంకా పొడిగానే ఉంది. ఈలోగా ఎనుము తల వంచి తాగడం మొదలుపెట్టింది. అది తాగిన వేగం చూసి ట్యాంకరాయన ముఖం మారిపోయింది. తన ట్యాంకరు నింపే మోటారు కూడా అంత లాగదు. చివరికి నీళ్లు కడుపును అంటుకున్నాయి. అప్పటికి గడ్డి మడి అంతా మెరుస్తోంది.

తర్వాత అక్క కొంగు సర్దుకుని, చాలా మర్యాదగా మొదలుపెట్టింది.

"పాపం, ఆ అన్న అంత దూరం పోయి తోలుకొచ్చినాడు మేడమ్. ఆయన ఎనుమునే కొలతకు పెట్టుకుందాం. నాకేం అభ్యంతరం ల్యా."

"వద్దక్కా" అన్నాడు ట్యాంకరాయన, అంతకంటే మర్యాదగా. "నీ ఊరు, నీ ఏరు. నీ ఎనుమునే పెట్టుకోవాల. బయటి ఎనుమును తెచ్చి నీ మీద రుద్దేది న్యాయం కాదు."

"నాది ఎనుము కాదు, కొండ అంటివి కదప్పా మొన్న?"

"కొండే అక్కా. కొండ ఇంత కిందికి దిగి ఉంటాదని నేననుకోలే."

"కొలతకు తగిన ఎనుమును నేను తెస్తా అంటివి. తెస్తివి. ఇప్పుడు కాదంటే ఎట్ల? ఊరంతా వినింది."

"ఊరంతా ఏమి వినింది? నువ్వు స్టూలేసుకుని పాలు పిండుతాండావని మీ తమ్ముడు చెప్పినాడు నాకు. యాడ స్టూలు? దీనికి గుంత తవ్వి పిండాల."

అందరూ నా వైపు తిరిగారు. నేను బక్క ఎనుము వెనక్కి జరిగాను. దాని వెనక దాక్కోవడం కుదరదని అప్పుడు తెలిసింది.

ఇంజనీరమ్మ నవ్వు ఆపుకోవడానికి కాసేపు అటు తిరిగి నిలబడింది. తర్వాత మడుగులోకి దిగి, బక్క ఎనుము డొక్క మీద చెయ్యి పెట్టి, ట్యాంకరాయనను అడిగింది.

"ఇది ఎప్పుడైనా ఆమె ఎనుములా ఉండేదాండి?"

"ఉండేదంట మేడమ్. వానలు పడిన ఏడు బాగుండేదంట."

"కనీసం అనే మాట బాగున్న కాలానికి పెట్టింది కాదండి. ఏమీ లేని రోజుల్లో కూడా ఇంతకు తగ్గకూడదు అనడానికి పెట్టింది. అక్కగారి ఎనుము ఇప్పుడు ఇలా ఉందంటే ఈ నీళ్లున్నాయి కాబట్టి. నీళ్లు ఆ కింది గీతకు దించామనుకోండి, గడ్డి పోతుంది. వచ్చే ఎండాకాలానికి దాని కడుపు కూడా ఇక్కడికే వస్తుంది." ఆమె వేలితో బక్క ఎనుము కడుపును చూపించింది. "అప్పుడు గీత మళ్లీ పైకి గీయాలి. ఆ గీయడమేదో ఇప్పుడే ఇక్కడ గీసేస్తే సరిపోతుంది కదా."

అక్క చెయ్యి నీళ్లలో పడుకున్న ఎనుము వీపు మీదికి పోయింది. ట్యాంకరాయన వాళ్ల అత్త ఎనుమును ఒకసారి పైనుంచి కిందికి చూశాడు.

"మరి నా సంగతి మేడమ్?" అన్నాడు చివరికి. "ప్లేట్లు కడగాల కదా. నోట్లో దుమ్ము కొట్టుకుని నేను యాడికి పోవాల?"

"గీతకు పైన వచ్చేదంతా మీదే. పొద్దున ఊరంతా స్నానాలు చేసే వేళకు నీళ్లు బాగా పెరుగుతాయి. ఆ నీళ్లు శుద్ధయి మధ్యాహ్నానికి ఇక్కడికొస్తాయి. అప్పుడు నింపుకోండి. తక్కువ రావు."

"ఊరివాళ్లు ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసుకుంటే నీకూ లాభం" అన్నాడు బావ. "నేను రేపటి నుంచి రెండు పూటలా పోసుకుంటా. నీ కోసమే."

ట్యాంకరాయన నవ్వాడు. నవ్వకుండా ఉండడానికి ప్రయత్నించి నవ్వాడు కాబట్టి అది నిజం నవ్వే. ఎర్ర రంగు డబ్బా తెప్పించారు. బక్క ఎనుమును బండకు ఆనించి నిలబెట్టి, దాని కడుపు ఎక్కడుందో అక్కడ గీత గీశారు. గీసేటప్పుడు ఎనుము కదిలితే ట్యాంకరాయనే దాని మూతి పట్టుకున్నాడు. గీత కొద్దిగా వంకరపోయింది. వంకర పైవైపుకే పోయిందని అక్క నాకు కళ్లతో చూపించింది. నేను ఎవరితోనూ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

జనం మెల్లగా చెదిరిపోయారు. ఇంజనీరమ్మ గట్టు మీద కూర్చుని కాళ్ల ఇసక దులుపుకుంటోంది. ట్యాంకరాయన తన ఎనుమును ఆటో ఎక్కించడానికి లాగుతున్నాడు. అది మడుగు వదిలి రానంటోంది. ముందు నుంచి తాడు పట్టి లాగితే మెడ సాగింది గానీ కాళ్లు కదల్లేదు. వెనక నుంచి నేను నెట్టాను. ఎముకలు గుచ్చుకుని చేతులు తీసేశాను.

అక్క గడ్డి మడిలోకి పోయి కొడవలితో ఒక మోపు కోసుకొచ్చింది. దాని ముందు వేయబోయింది. నేను గబగబా పోయి ఆమె చెవిలో చెప్పాను.

"అక్కా, మేపొద్దు. కడుపు దిగితే గీత దించమంటాడు. మేడమ్ ఇంకా పోలేదు."

"గీసిన గీత దీని కడుపును చూసి దిగుతాదా? పోరా" అంది అక్క. మోపు విప్పి దాని ముందు పరిచింది. ఎనుము ఒకసారి అక్కను చూసి, ఒకసారి గడ్డిని చూసి, ఇది తనకేనా అని అనుమానపడి, తర్వాత మూతి పెట్టింది.

అక్క నడుము మీద చేతులు పెట్టుకుని అది మేయడం చూస్తూ నిలబడింది. "ఏమప్పా" అంది ట్యాంకరాయనతో. "దీన్ని ఈ ఎండలు పోయేదాకా ఈడ వదిలిపెట్టి పో. నా గడ్డిలో ఇది ఎంత తింటాదిలే."

అది ఎంత తింటుందో అందరం చూస్తూనే ఉన్నాం. బావ దగ్గాడు.

"వద్దులే అక్కా, నీకు కష్టం" అన్నాడు ట్యాంకరాయన. అన్నాడే గానీ తాడు వదిలేశాడు. "ఎండలు పోయినాక తీసుకపోతే మా అత్త గుర్తు పట్టదేమో."

"గుర్తు పట్టకపోతే మళ్లీ ఈడికే తోలుకో."

ఎనుము తల ఎత్తలేదు. ఆయన కాసేపు నిలబడి, ఎర్ర గీతను దాటి పారుతున్న నీళ్లలో కాళ్లు కడుక్కుని, ఖాళీ ఆటో తిప్పుకుని పోయాడు.